నడుం తొక్కే ఆదెమ్మకు నడుం పట్టేసింది

ఫిజియోథెరపీ చదివి మా పల్నాటి పల్లెల్లో పనికి దిగబోయే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ముందే చెబుతున్నాను, మిమ్మల్ని ఇక్కడ ఎవరూ ఫిజియోథెరపిస్టు అని పిలవరు. నరసరావుపేటలో ఎముకల డాక్టరుగారి దగ్గర ఉన్నన్నాళ్లూ, తరవాత గురజాలలో సొంతంగా గది తీసుకుని పనిచేసినన్నాళ్లూ నా పేరు కరెంటు డాక్టరమ్మే. వచ్చిన ప్రతివాళ్లూ బల్ల మీద బోర్లా పడుకుని, కాస్త కరెంటు ఎక్కువ పెట్టమ్మా అని అడిగేవాళ్లు. కరెంటంటే మిషను నుంచి వచ్చే జివ్వుమనే సన్నని తాకిడి. అది నొప్పిని కాసేపు మరిపిస్తుంది, అంతే. ఇంటికెళ్లి మళ్లీ అదే వంగుడు, అదే మోత మొదలుపెడితే నొప్పి కూడా వెనకే వస్తుంది. ఈ సంగతి చెబితే వాళ్లకు కోపం వచ్చేది. చెప్పకపోతే నాకు మనసొప్పేది కాదు.

నేను మొండిదాన్ని. మా ఇంట్లోవాళ్లు దాన్ని నా జబ్బు అంటారు గానీ, ఈ ఉద్యోగంలో నన్ను నిలబెట్టింది అదే. మనిషి నడుము కట్టు ఎలా ఉంటుందో పుస్తకం చూసి ఎవరైనా నేర్చుకోవచ్చు. వచ్చిన మనిషి చేత ఇంట్లో ఒక్క అలవాటు మార్పించాలంటే మాత్రం ఓపిక కావాలి, తిట్లు పడాలి, అడిగిందే మళ్లీ అడగాలి. ఆ ఓపిక లేనివాళ్లు వేరే పని చూసుకోండి. నిష్ఠూరంగా ఉన్నా నిజం అదే.

పెద్ద డాక్టరుగారి ప్రశ్న

నరసరావుపేటలో నా పైఅధికారి చేయి తిరిగిన డాక్టరు. నడుం నొప్పి అని ఎవరొచ్చినా ఎక్స్‌రే ఫిల్ము చూడకముందే, పొద్దున లేచిన దగ్గర్నుంచి రాత్రి పడుకునేదాకా ఏం చేస్తావో వరసగా చెప్పమనేవారు. సగం జబ్బు ఆ వరసలోనే దొరికేది. ఒకావిడ బావి దగ్గర నుంచి నీళ్ల బిందె ఎప్పుడూ కుడి చంకనే మోసేది. ఇంకొకాయన బియ్యం బస్తాను కాళ్లు కదపకుండా నడుం తిప్పి బండిలోకి విసిరేవాడు. టైలరు ఒకాయన పొద్దున కుర్చీలో కూర్చుంటే భోజనానికి తప్ప లేచేవాడు కాదు. ఆ ప్రశ్న నేను చివరి రోజుదాకా వదల్లేదు, మీరూ వదలొద్దు.

ఆయనకున్న లోపం కూడా చెప్పాలి. తిట్టేవారు. "చెబితే బుర్రకెక్కదా" అనేవారు. జనం ఆయన ముందు బుద్ధిగా తలూపి, మెట్లు దిగగానే అంతా మరిచిపోయేవాళ్లు. తిట్టి మార్పించిన అలవాటు నా అనుభవంలో ఒక్కటీ లేదు.

ఒక ఊరి పెద్దమనిషి ఉండేవాడు. పగలంతా పంచాయతీల్లో ప్లాస్టిక్ కుర్చీలో జారబడి కూర్చోవడం, లేస్తే కారెక్కడం. రోజూ నడవమని డాక్టరుగారు ఎన్నిసార్లు గద్దించినా నడవలేదు. సంగతేంటని నేను మెల్లగా అడిగితే, తను రోడ్డు మీద నడిస్తే కారు అమ్ముకున్నాడని అవతలి పార్టీవాళ్లు ఊరంతా చెప్పుకుంటారని అసలు విషయం బయటపెట్టాడు. నాకు నవ్వొచ్చింది గానీ ఆయనకు అది నవ్వులాట కాదు. అయితే పొద్దున్నే చేలోకి వెళ్లి గట్టు వెంబడి నడవండి, పొలం చూసుకుంటున్నాడని గొప్పగా చెప్పుకుంటారు అన్నాను. నడిచాడు. ఆర్నెల్లకు పొట్ట తగ్గింది, నడుమూ సర్దుకుంది. సలహా మంచిదైతే చాలదు, ఆ మనిషి బతుకులో అది పట్టాలి.

ముసుగేసుకుని వచ్చిన మనిషి

మా వైపు నడుం పట్టేస్తే జనం మొదట మన దగ్గరికి రారు. పుట్టేటప్పుడు తలకు బదులు కాళ్లు ముందు బయటికి వచ్చినవాళ్లను ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లంటారు. అలాంటివాళ్లు నడుం తొక్కితే పట్టు వదులుతుందని నమ్మకం. అరుగు మీద బోర్లా పడుకోబెట్టి, కాలితో నడుం మీద తొక్కిస్తారు. మామూలుగా కండరం పట్టేస్తే తొక్కినా తొక్కకపోయినా కొద్ది రోజుల్లో అదే వదులుతుంది. ఆ పేరు తొక్కిన కాలికి వెళ్తుంది. ఇందులో మోసం లేదు, తొక్కేవాళ్లు కూడా నిజంగానే నమ్ముతారు. అసలు ప్రమాదం లోపల నరం నలిగిన మనిషి మీద కాలు పెట్టినప్పుడు వస్తుంది.

గురజాల దగ్గర్లోని ఒక ఊళ్లో ఆదెమ్మ అలా ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి. చుట్టుపక్కల ఊళ్లలో ఎవరికి నడుం పట్టినా ఆమె అరుగు దగ్గరికే వెళ్లేవాళ్లు. తీసుకుంటే గుణం పోతుందని పైసా తీసుకునేది కాదు. ఆమెకు కూడు పెట్టేది మిరపకోతలు. ఊళ్లో ఆడవాళ్లను ముఠాగా కట్టి, రైతులతో మాట్లాడి, కోతకు తీసుకెళ్లే మేస్త్రి ఆమె. గట్టి గొంతు, గట్టి మనిషి.

రోగులెవరూ లేని ఒక మధ్యాహ్నం ముఖం మీదికి పమిట లాక్కుని ఒకావిడ గోడ పట్టుకుంటూ నా గదిలోకి వచ్చింది. ఆటో పక్క వీధిలోనే దిగిందట. తలుపు వేయమని అడిగి, ముసుగు తీసి, తనెవరో చెప్పింది. నేను పేరు విన్నాను గానీ మనిషిని చూడడం అదే మొదలు.

"నడుం తొక్కేదానికే నడుం పట్టిందంటే నవ్వుతారు డాక్టరమ్మా. రేపు ముఠాలో కూడా నా మాట ఎవురూ వినరు. నువ్వు ఎవురికీ చెప్పబాక" అంది.

నొప్పి నడుం నుంచి ఎడమ పిక్క దాకా దిగుతోంది. మడమల మీద నడవమంటే ఎడమ పాదం సరిగా పైకి లేవలేదు. అది కరెంటుతో సరిపెట్టే సంగతి కాదు. వెంటనే ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి స్కాను తీయించాను. వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు ఒకటి పక్కకు పొడుచుకొచ్చి నరాన్ని నొక్కుతోంది. ఇప్పటికైతే ఆపరేషను అవసరం లేదని, అయితే పాదం పూర్తిగా వాలిపోయినా, తొడల మధ్య మొద్దుబారినా, మూత్రం ఆగినా ఆ రోజే రావాలని డాక్టరు చెప్పారు.

మిరపకోతలకు రెండు నెలలు ఉంది. అప్పటికి లేవలేకపోతే ముఠా ఇంకొకరి చేతికి పోతుంది. లేచి మళ్లీ మునుపటిలాగే వంగితే కాలే పోతుంది. ఈ రెండు సంగతులూ దాచకుండా చెప్పాను. ఆమె ఏడవలేదు. ఏం చేయాలో చెప్పు, చేస్తా అంది.

ఒడి నిండకముందే

వాళ్ల ఇంటికి నేనే వెళ్లాను. ఇది మీకు గట్టిగా చెబుతున్నాను, వీలైతే రోగి ఇల్లు చూడండి. పొద్దుట్నుంచి ఏం చేస్తావని అడిగితే మనుషులు తాము చేస్తున్నామనుకునేది చెబుతారు, చేసేది కళ్లతో చూడాలి. నొప్పి వచ్చిన దగ్గర్నుంచి ఆదెమ్మ నులక మంచం మీదే పడుకుని ఉంది. ఆ మంచం ఉయ్యాల్లా కిందికి వేలాడుతోంది. నులక బిగించి కట్టించాను. పగలు పడుకోవడం మాన్పించి వాకిట్లో కొంచెం కొంచెంగా నడిపించాను. పడుకుంటే తగ్గుతుందని ఊరంతా చెబుతారు. ఒకటి రెండు రోజులు సరే, అంతకు మించి పడుకుంటే కండ కరిగి నడుం ఇంకా బలహీనమవుతుంది.

బట్టలుతికే బండ నేలబారుగా ఉంటే రెండు రాళ్లు పేర్పించి దాన్ని ఎత్తు చేయించాను. పెద్ద క్యానుతో నీళ్లు మోయడం ఆపించి, రెండు చిన్న బిందెలు రెండు చేతులా తెచ్చుకోమన్నాను. కింద ఉన్న వస్తువు తీయాలంటే నడుం విల్లులా వంచకుండా, మోకాళ్లు మడిచి, పిర్రలు వెనక్కి పెట్టి, వస్తువును ఒంటికి దగ్గరగా పట్టుకుని లేవడం నేర్పాను. మొదట్లో సిగ్గుపడింది. కోడలు నవ్వితే, నువ్వు కూడా నేర్చుకోవే, నీకూ ముందుంది అని కసిరింది. సాయంత్రాలు బోర్లా పడుకుని మోచేతుల మీద ఛాతీ లేపడం, వెల్లకిలా పడుకుని పిర్రలు పైకెత్తడం లాంటి వ్యాయామాలు చేయించాను. ఆమె నోట్లో ఎప్పుడూ ఉండే పొగాకు కాడ కూడా మాన్పించాలని చూశాను. అది వెంటనే జరగలేదు. చాలా రోజులు పోట్లాడాను.

అసలు యుద్ధం కోత దగ్గర వచ్చింది. మా వైపు ఆడవాళ్లు నడుముకు గుడ్డతో ఒడి కట్టుకుని, కోసిన కాయలు అందులో వేసుకుంటారు. ఒడి నిండుగా బరువెక్కేదాకా వంగిన నడుం ఎత్తరు. ఆ బరువు ముందుకు లాగుతూ ఉంటుంది, మనిషి ఇంకా ఇంకా వంగుతూ ఉంటుంది. చేలో మరుగు లేదని పొద్దున్నుంచి మంచినీళ్లు కూడా తాగరు. సగం నిండగానే గట్టుకొచ్చి కుప్పలో పోసి, నడుం మీద చేతులు పెట్టుకుని ఒక్కసారి వెనక్కి వంగి మళ్లీ వెళ్లమని నేను చెప్పాను.

"ఒడి నిండకుండా గట్టుకొస్తే పని ఎగ్గొడతందంటారు. నేను కూడా ఎందర్నో అన్నా ఆ మాట" అంది ఆదెమ్మ.

"మేస్త్రివి నువ్వేగా అక్కా. నువ్వు అనకపోతే ఇంకెవరంటారు?"

రైతు అంటాడు అని ఆమె తనే జవాబు చెప్పుకుంది. అయినా సరేనంది.

నడుం తొక్కడం ఆపించడం మాత్రం ఇంకా కష్టమైంది. ఒంటికాలి మీద బరువేసి తొక్కితే ఆమె నడుమే మెలి తిరుగుతుంది. ఇంటికొచ్చినవాళ్లను ఎలా పొమ్మంటానని ఆమె బాధ. చివరికి, దేవుడికి మొక్కుకున్నాననీ కోతలయ్యేదాకా ఎవరి ఒంటి మీదా కాలు పెట్టననీ చెప్పుకుంది. అబద్ధమే, నేనేమీ అనలేదు. కానీ వచ్చినవాళ్లను మూడు సంగతులు అడగమని నేర్పాను. కాళ్లు మొద్దుబారాయా? తొడల మధ్య స్పర్శ తెలుస్తోందా? ఒంటేలు పోస్తున్నావా? వీటిలో ఏ ఒక్కటి తేడాగా ఉన్నా వాళ్లను ముట్టుకోకుండా నాకు ఫోను చేయమన్నాను. తన కాలి భయం ఇంకా పోలేదు కాబట్టి ఆమె ఆ మాటలు శ్రద్ధగా విని గుర్తుపెట్టుకుంది.

కోతల నాటికి ఎడమ పాదం లేచింది. నొప్పి పిక్క నుంచి పైకి జరిగి నడుం దగ్గరే కొంచెం మిగిలింది. అలా పైకి జరగడం మంచి గుర్తు.

ఫోన్లో విన్నది

కోతలు రేపోమాపో మొదలవుతాయనగా ఒక ఉదయం ఆదెమ్మ ఫోను చేసింది. శీను అని నాపరాళ్లు లారీకి ఎత్తే కూలీని మంచం మీద మోసుకొచ్చారట. రాయి ఎత్తుతూ నడుం మెలిపడి కొన్నాళ్లయింది. ఊళ్లో సూదులు పొడిపించుకుంటూ పనికి వెళ్తూనే ఉన్నాడు. ఆ రోజు లేవబోతే రెండు కాళ్లూ పట్టు తప్పాయి. ఆమె మూడు సంగతులూ అడిగింది. కాళ్లు మొద్దు, తొడల మధ్య గిచ్చినా తెలియడం లేదు, ముందు రోజు సాయంత్రం నుంచి ఒంటేలు రాలేదు.

ఎవరూ అతన్ని తొక్కొద్దు, పిసకొద్దు, ఎలా పడుకుని ఉన్నాడో అలాగే బండెక్కించి పెద్దాసుపత్రికి పంపు, ఆలస్యమైతే జన్మంతా నడవలేడు అన్నాను. ఆపరేషను చేసే డాక్టరుకు ఇంకో ఫోను మీంచి చెప్పాను. ఆదెమ్మ ఫోను పెట్టేయలేదు, అరుగు మీద ఉంచినట్టుంది. అక్కడి మాటలన్నీ నాకు వినబడుతున్నాయి.

శీనును తీసుకొచ్చింది ఆ లారీ యజమాని సాంబయ్య. ఆదెమ్మ ముఠా ఏటా కాయ కోసే చేను కూడా ఆయనదే. ఆ సంగతి నాకు తెలుసు కాబట్టి ఫోను చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"ఏంది ఆదెమ్మా, ఫోన్లో అడిగి తొక్కుతావా ఏంది కొత్తగా? కాలు పెట్టు. మొక్కు సంగతి దేవుడితో నేను చెప్పుకుంటాలే" అన్నాడు సాంబయ్య.

"తొక్కను."

"నా చేను కోసేదానివి, నా మనిషికి తొక్కవా?"

శీను భార్య ఏడుస్తూ బతిమాలుతోంది. అప్పుడు ఆదెమ్మ గొంతు వినబడింది. కోతల్లో అటు చివర మొక్కల సాలులో ఉన్నవాళ్లకు వినిపించేలా మాట్లాడే గొంతు అది.

"మొక్కూ లేదు ఏమీ లేదు సాంబయ్యన్నా. నాకే నడుం పట్టి కాలు ఈడ్చుకుంటా తిరిగా. ముసుగేసుకుని కరెంటు డాక్టరమ్మ కాడికి పోయి బాగుచేయించుకున్నా. నా కాళ్లలో ఏదన్నా ఉంటే ముందు నాకే బాగయ్యేదిగా. ఈడి మీద ఇప్పుడు కాలేస్తే ఈడు ఇంక లెగవడు. బండి తీయండి."

ఊళ్లో సగం మంది అక్కడే ఉన్నారు. రెండు నెలలుగా కోడలి చేత కూడా బయట చెప్పనివ్వని మాట అది. నేను ఫోను పట్టుకుని నా గదిలో ఒంటరిగా నిలబడి ఏడ్చేశాను. తరవాత లారీ స్టార్టయిన చప్పుడు వినబడింది.

ఆ రోజే ఆపరేషను జరిగింది. శీనును నడిపించడం నా వంతయింది. మొదట చక్రాల కుర్చీ, తరవాత కర్రలు, తరవాత గోడ. ఎడమ పాదం అంచున ఇప్పటికీ కొంచెం మొద్దు ఉంది గానీ నడుస్తాడు. రాళ్లెత్తడం మానేసి ఆటో నడుపుతున్నాడు. ఆటో సీటుకు నడుం ఆనేలా చిన్న దిండు కట్టించాను. సవారీలు లేనప్పుడు దిగి నిలబడమని ఇప్పటికీ కనబడిన ప్రతిసారీ పోరుతూనే ఉంటాను.

మీరు చేయవలసింది

తొక్కించుకుని వచ్చినవాళ్లను ఎగతాళి చేయకండి. చేస్తే మళ్లీ రారు, వచ్చేసరికి ఆలస్యమవుతుంది. అరుగు మీద ఎవరు తొక్కుతారో తెలుసుకుని, వాళ్ల దగ్గరికి మీరే వెళ్లండి. బెల్టు కట్టుకుని ఏళ్ల తరబడి తిరిగేవాళ్ల చేత నెమ్మదిగా అది విప్పించండి, బెల్టు పని చేస్తుంటే కండ పని మానేస్తుంది. ఫోన్లో చూసి ఆసనాలు వేసి నడుం విరుచుకున్నవాళ్లు కూడా వస్తారు, వాళ్లను కూడా తిట్టొద్దు. రోజూ కాసేపు నడక, గంటలకొద్దీ ఒకే భంగిమలో ఉండకపోవడం, మోకాళ్లు మడిచి ఎత్తడం, నీళ్లు, నిద్ర. ఇంత చిన్న మాటలా అని జనం పెదవి విరుస్తారు. పదిసార్లు విరిచినా మీరు పదకొండోసారి చెప్పండి. ఈ ఉద్యోగం అంటే ఇదే.

సాంబయ్య చేను

సాంబయ్య ఆ ఏడు తన చేను వేరే ముఠాకు ఇచ్చాడు. పదిమందిలో తన మాట కాదన్నదన్న పంతం తప్ప అందులో ఇంకేమీ లేదు. శీను బతికి నడుస్తున్నా ఆ పంతం పోలేదు. ముఠాలో కొందరు అటు వెళ్లిపోయారు. కాళ్లలో గుణం పోయిందని ఊళ్లో చెప్పుకున్నారు. పక్క ఊళ్లో ఎదురుకాళ్లతో పుట్టిన ఇంకొకాయన్ని వెతుక్కున్నారు. ఆదెమ్మ మిగిలినవాళ్లను తీసుకుని దూరంగా ఉన్న చేలకు వెళ్లింది.

ఆ కోతల్లో ఒకసారి ఆ చేనికి వెళ్లి చూశాను. ఆడవాళ్లు ఒడి సగం నిండగానే గట్టుకొచ్చి కాయ పోస్తున్నారు. నడుం మీద చేతులు పెట్టుకుని వెనక్కి వంగి, నీళ్లు తాగి మళ్లీ సాలులోకి వెళ్తున్నారు. గట్టు పక్కన నాలుగు కర్రలు పాతి పాత చీరతో మరుగు కట్టించింది ఆదెమ్మ. అది నేను చెప్పింది కాదు. ఆ చేను రైతు ఏదో సణిగితే, సాయంత్రానికి కాయ తక్కువైతే అప్పుడు అడగమని చెప్పి పంపేసిందట. సాయంత్రానికి తక్కువ కాలేదు.

అంతా చూశాక కూడా నా మనసు కుదుటపడలేదు. నా మాట విన్నందుకే పుట్టినప్పట్నుంచీ ఉన్న పేరూ, ఏటా కోసే చేనూ రెండూ పోగొట్టుకుందన్న బాధ ఉండేది. ఆ మాటే ఆమెతో అనేశాను. ఆదెమ్మ కాయ తుంచుతూనే తలెత్తకుండా జవాబు చెప్పింది.

"పేరు పోయింది డాక్టరమ్మా, నిజమే. శీనుగాడి కాళ్లు పోలేదుగా" అని, "కాస్త పక్కకి జరుగు, సాలుకి అడ్డంగా నిలబడ్డావు" అంది.